ఖాళీ ప్లాట్‌లో మలబా పోసి పోయారు: ఎత్తించే ముందు చేయాల్సిన పనులు

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్ శివారు బడంగ్‌పేట వైపు ఒక లేఅవుట్‌లో మీకు 45×60 అడుగుల ప్లాట్, అంటే 300 గజాలు, ఉంది. మీరుండేది నిజామాబాద్‌లో. సంక్రాంతికి వచ్చి చూస్తే సగం ప్లాట్ మీద కూల్చిన ఇళ్ల మలబా, అంటే ఇటుక, సిమెంట్ శిథిలాలు, మట్టి కుప్పలు. ఎవరు పోశారో తెలియదు. పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ ఒకాయన "డోజర్ పెట్టి ఫ్రీగా చదును చేసిస్తా, మీకు ఫిల్లింగ్ ఖర్చు కలిసొస్తుంది" అంటున్నాడు. ఒప్పుకోవాలా, సొంత డబ్బులతో ఎత్తించాలా, పోలీస్ కంప్లైంట్ ఇవ్వాలా అని అడిగారు.

చదునుకు మాత్రం ఒప్పుకోవద్దు. మలబా కుప్పలుగా ఉన్నంతకాలం అది బయటివాళ్లు తెచ్చి పోసిందని చూడగానే తెలుస్తుంది. ఫొటో తీయవచ్చు, కొలవవచ్చు, ఎత్తించవచ్చు. ఒక్కసారి డోజర్ తిరిగిందంటే అది మీ నేలలో కలిసిపోతుంది. ఎంత పోశారో, ఎప్పుడు పోశారో, కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. పైగా చదునైన ప్లాట్ అంటే ఇంకో వరస పోయడానికి సిద్ధంగా ఉన్న ప్లాట్ అన్నమాట. డోజర్ కిరాయి తన జేబులోంచి పెట్టుకుంటానంటున్న మేస్త్రీ దగ్గర కూడా పారబోయాల్సిన మలబా ఉండే ఉంటుంది. ఆయన చెడ్డవాడని కాదు, ఆ లెక్క అలాగే ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఎల్బీనగర్, నాగోల్, హయత్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను. కూల్చేవాళ్లతో, టిప్పర్లవాళ్లతో రోజూ పని. ఈ మలబా మీ ప్లాట్ దాకా ఎందుకు వస్తుందో తెలిస్తే దాన్ని ఎలా ఆపాలో కూడా తెలుస్తుంది.

పాత ఇల్లు కూల్చే కాంట్రాక్టర్‌కు ఇనుము, తలుపులు, కిటికీలు, గ్రానైట్ మీద డబ్బులొస్తాయి. మిగిలిన ఇటుక ముక్కలు, ప్లాస్టరింగ్ పెళ్లలు, టైల్స్ ముక్కలు ఆయనకు ఖర్చే. టిప్పర్ డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కన ఇస్తారు. ఎంత దగ్గరలో పారబోస్తే అంత డీజిల్ మిగులు, రాత్రికి అన్ని ట్రిప్పులు ఎక్కువ. ఊళ్లో పగలు పెద్ద బండ్లకు ఆంక్షలుంటాయి కాబట్టి ఈ పనంతా అర్ధరాత్రి దాటాకే. కనుక మీ ప్లాట్‌లో పడ్డ మలబా ఎక్కడో దూరం నుంచి వచ్చి ఉండదు. చాలావరకు నాలుగైదు కిలోమీటర్ల లోపలిదే. దీన్ని గుర్తుపెట్టుకోండి, పోసినవాణ్ని వెతకడానికి పనికొస్తుంది.

కుప్పను చదవండి

ఎత్తించే తొందరలో అందరూ వదిలేసేది ఇదే. ఒక పూట తీరిక చేసుకుని, బూట్లు వేసుకుని కుప్పల మధ్య తిరగండి. ఎర్రమట్టి, మొరం, మధ్యలో కొత్తగా పగిలిన రాతి పలకలు కనిపిస్తే అది సెల్లార్ తవ్వకం మట్టి. దగ్గరలో ఎక్కడ సెల్లార్ తవ్వుతున్నారో ఆటోవాళ్లను అడిగినా చెబుతారు. సున్నం అంటిన ఇటుకలు, పాత మొజాయిక్ పలకలు, స్లాబ్ పెచ్చులు ఉంటే పాత ఇల్లు కూల్చారు. సిమెంట్ సంచుల్లో కట్టిన టైల్స్ ముక్కలు, పీఓపీ, ప్లైవుడ్ ముక్కలు అయితే పక్క అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఫ్లాట్ రిపేర్ చేయించుకున్నారు. అది టిప్పర్‌లో కాదు, ట్రాలీ ఆటోలో వచ్చి ఉంటుంది.

తర్వాత కాగితాలు వెతకండి. టైల్స్ డబ్బాల మీద షాపు స్టిక్కర్, కొరియర్ కవర్ మీద అడ్రస్, పాత కరెంటు బిల్లు, ఫ్లెక్సీ ముక్క. కూల్చిన ఇంట్లోంచి ఇలాంటివి ఏవో ఒకటి మలబాతో పాటు వస్తాయి. నాకు తెలిసిన ఒక ప్లాట్ యజమానికి మలబాలో ఇంటి నంబర్ పలక దొరికింది. ఆ నంబరు పట్టుకుని వెళ్తే అక్కడ పిల్లర్లు లేస్తున్నాయి. ఆ ఇంటి యజమానికి మలబా ఎక్కడికి పోయిందో కూడా తెలియదు పాపం, "కాంట్రాక్టర్‌కు అప్పజెప్పాం" అన్నాడు. కాంట్రాక్టర్‌ను అక్కడికే పిలిపించి మాట్లాడితే రెండో రోజు రాత్రి అదే టిప్పర్లు వచ్చి ఎత్తుకెళ్లాయి. పోలీసులు లేరు, కోర్టు లేదు. నా అనుభవంలో డబ్బులు ఖర్చు కాకుండా ప్లాట్ ఖాళీ అయిన సందర్భాలన్నీ దాదాపు ఇలాంటివే.

ఎదురింటివాళ్లను, కిరాణా షాపతన్ని, దగ్గర్లోని వాచ్‌మన్‌ను మర్యాదగా పలకరించండి. "ఎవరు పోశారు" అని అడిగితే "మాకేం తెలుసు" అంటారు. "రాత్రి ఎన్నింటికి వచ్చాయి, ఎన్ని బండ్లు" అని అడగండి, చెబుతారు. వీధిలో ఎవరి ఇంటికైనా సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ వెంటనే అడగండి. చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. అడిగేటప్పుడు ఒక సంగతి మనసులో పెట్టుకోండి, పోసింది ఆ పక్కింటాయనే కావచ్చు కూడా.

ఫొటోలు, కొలతలు

తేదీ, లొకేషన్ పడే జీపీఎస్ కెమెరా యాప్‌తో నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయండి. చుట్టుపక్కల ఇళ్లు కూడా కనిపించాలి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు ఉంటాయి. మీ ప్లాట్ నిరుడు ఖాళీగా ఉన్నట్టు ఏదైనా చిత్రం దొరికితే తేదీతో సహా దాచుకోండి. వీడియో ఇచ్చినవాళ్లు దాన్ని ఏ ఫోన్‌లో, ఏ కెమెరాలో తీశారో రాసిపెట్టుకోండి. రేపు కోర్టుదాకా పోతే ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు.

కొలత కూడా వేసుకోండి, లేకపోతే ఎత్తేవాడు చెప్పిందే లెక్క అవుతుంది. కుప్ప కొస ఎత్తును లెక్కలోకి తీసుకోవద్దు. పక్కపక్కన పోసిన కుప్పల సగటు ఎత్తు కొసలో సుమారు సగం ఉంటుంది. మీ ప్లాట్‌లో సగం అంటే 1,350 చదరపు అడుగులు. కుప్పలు 8 అడుగుల ఎత్తుంటే సగటున 4 అడుగులనుకోండి. 5,400 ఘనపుటడుగులు, అంటే 54 యూనిట్లు. బరువు దాదాపు 200 టన్నులు. పది టైర్ల టిప్పర్లతో పది, పన్నెండు ట్రిప్పుల పని. ఎవరైనా పాతిక ట్రిప్పులు అంటే నవ్వి ఊరుకోండి.

ఎత్తించే ముందు దారి మూయండి

డబ్బులు పెట్టి శుభ్రం చేయించిన ప్లాట్ టిప్పర్ డ్రైవర్ కంటికి తలుపు తీసిన ఇల్లే. శుభ్రం చేయించిన నెలకే మళ్లీ నిండిన ప్లాట్లు ఎన్నో చూశాను. అందుకే ముందు అడ్డం పెట్టాలి.

టిప్పర్ ఎప్పుడూ రివర్స్‌లో వస్తుంది. వెనక టైర్లు మీ హద్దు దాటలేకపోతే లోపల పోయలేదు, రోడ్డు మీద పోయడానికి భయపడతాడు. కాబట్టి బండి వెనక్కి తిరగగలిగే వైపు మాత్రం గట్టిగా మూస్తే చాలు. ప్రీకాస్ట్ కాంపౌండ్ వాల్ కట్టిస్తే అన్నిటికన్నా మేలు, రెండు మూడు రోజుల పని. కాకపోతే మలబా మీదే స్తంభాలు పాతితే వాన పడగానే ఒరుగుతాయి, హద్దు వెంబడి అసలు నేల తగిలేదాకా శుభ్రం చేసి పాతించాలి. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే రోడ్డు వైపు, మీ హద్దు లోపలే, మనిషి కదపలేనంత బండరాళ్లు వరసగా వేయించండి. సెల్లార్ తవ్వే చోట అడిగితే రవాణా ఖర్చుకే ఇస్తారు. కడీలు పాతి ముళ్లతీగ కట్టడం మేకలను, బర్రెలను ఆపుతుంది. టిప్పర్‌ను ఆపదు, కడీని గుద్దేసి వస్తుంది. కొందరు జేసీబీతో ముందువైపు కందకం తీయిస్తారు. పని చేస్తుంది గానీ వాన నీళ్లు నిండితే పిల్లలకు ప్రమాదం. వీధిలో ఇళ్లున్న చోట నేనైతే తీయించను.

బోర్డు పెట్టండి. పేరు, సర్వే నంబరు, ప్లాట్ నంబరు, ఫోన్ నంబరు, ఇక్కడ మలబా పోస్తే పోలీస్ కేసు అన్న మాట. అమ్మకానికి కాదు అని కూడా రాయించండి, లేకపోతే బ్రోకర్ల ఫోన్లతో పిచ్చెక్కుతుంది. సిమ్‌తో పనిచేసే సోలార్ కెమెరా మంచిదే కానీ మీ ప్లాట్‌లోనే కర్ర పాతి బిగిస్తే కెమెరానే పోతుంది. ఎదురింటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల గోడకు బిగించి, ఆ కెమెరా వాళ్ల గేటు కూడా చూసేలా పెట్టండి. వాళ్లకూ లాభం ఉంటే కాపలా బాగుంటుంది.

కంప్లైంట్లు ఎవరికి

బడంగ్‌పేట ఇంతకుముందు విడి కార్పొరేషన్. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ స్థానిక సంస్థలను హైదరాబాద్ మహానగర కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిపినప్పుడు అదీ కలిసింది. సర్కిళ్లు, జోన్లు మారాయి కాబట్టి మీ ప్లాట్ ఇప్పుడు ఏ ఆఫీసు కిందికి వస్తుందో ముందు కనుక్కోండి. 040-21111111కు ఫోన్ చేసి గానీ, మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో గానీ కంప్లైంట్ పెట్టి, నంబరు దాచుకోండి. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అదే కంప్లైంట్ కాగితం మీద ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఇందులో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. రోడ్డు మీద, నాలాలో పడ్డదైతే మున్సిపాలిటీ తీస్తుంది. సొంత ప్లాట్‌లో పడ్డదాన్ని యజమానే తీయించుకోవాలంటుంది. మరి ఎందుకు ఇవ్వాలి అంటే, ఖాళీ ప్లాట్లలో చెత్త పేరుకుంటే నోటీసు వచ్చేది యజమానికే. ఆ రోజు మీ చేతిలో ముద్ర వేసిన కాగితం ఉంటే, ముందుగా చెప్పింది మీరే అని చూపించవచ్చు. బండి నంబరు దొరికితే మాత్రం సంగతి వేరు. నిర్మాణ వ్యర్థాలు ఎవరి పనిలో పుట్టాయో వాళ్లే సరిగ్గా పారవేయాలని 2016 కేంద్ర నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో కొత్త నిబంధనలు నోటిఫై చేశారు. అవి 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలున్న పెద్ద ప్రాజెక్టుల మీద ఇంకా ఎక్కువ బాధ్యత పెట్టాయి. మలబా ఫలానా సైట్‌ది అని చూపగలిగితే, ఆ సైట్ పర్మిషన్ నంబరుతో టౌన్ ప్లానింగ్ వాళ్లకు రాయండి. సైట్ ముందు పర్మిషన్ బోర్డు ఉంటుంది, ఫొటో తీసుకుంటే చాలు. కట్టేవాడు ఎవరికి భయపడినా పడకపోయినా, కట్టడం పూర్తయ్యాక అందులో ఉండొచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు భయపడతాడు.

పోలీస్ స్టేషన్‌లో తెలుగులోనే, ఒక పేజీలో రాసివ్వండి. ఎప్పుడు చూశారు, ఎంత పడింది, ఎవరు చూశారు, బండి నంబరు. సెక్షన్లు వెయ్యడం వాళ్ల పని. అయినా తెలిసి ఉండటం మంచిది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో అక్రమ ప్రవేశం 329వ సెక్షన్, ఆస్తికి నష్టం కలిగించడం 324. "ఇది సివిల్ మ్యాటర్ సార్" అని చెప్పి పంపించే అవకాశం ఎక్కువ. గొడవ పడకుండా, ఫిర్యాదు అందినట్టు రసీదు ఇవ్వమని మాత్రం గట్టిగా అడగండి. ఇవ్వకపోతే అదే ఫిర్యాదును డీసీపీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి. టిప్పర్ పోస్తుండగా ఎవరైనా చూస్తే అప్పుడు 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయమనండి. పోస్తున్న బండి దొరకడం, పోసిన కుప్ప దొరకడం ఒకటి కాదు. అడ్డం పడి బండి ఆపే పని మాత్రం ఎవరూ చేయొద్దు, అర్ధరాత్రి టిప్పర్ ముందు నిలబడేంత విలువ ఏ ప్లాట్‌కూ లేదు.

కోర్టు గురించి రెండు మాటలు. పోసినవాడు ఫలానా అని ఆధారం ఉంటేనే కేసుకు అర్థం. అప్పుడు తొలగించమని ఆదేశం, నష్టపరిహారం రెండూ అడగవచ్చు. పరిహారానికి సాధారణంగా మూడేళ్ల గడువు. ఆధారం లేకపోతే లాయర్ ఫీజు కన్నా టిప్పర్ కిరాయి తక్కువ.

మీ ప్లాట్ చెరువు పక్కన గానీ నాలా పక్కన గానీ ఉంటే ఇవేవీ ఆగి చేసే పనులు కావు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లుండే) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. అక్కడ మట్టి పడితే చెరువు పూడ్చింది ప్లాట్ యజమానే అని అనుమానం ముందు మీ మీదికే వస్తుంది. చెరువులు, నాలాల ఆక్రమణలు చూడటానికి 2024 జులైలో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు వెంటనే ఫిర్యాదు ఇచ్చి రసీదు పెట్టుకోండి.

ఎత్తించేటప్పుడు

తక్కువ రేటు చెప్పిన టిప్పర్‌వాడికి ఇస్తే మీ మలబా ఇంకొకరి ప్లాట్‌కో, చెరువుకో పోతుంది. మీరు ఈ రోజు ఎవరిని తిట్టుకుంటున్నారో, రేపు మిమ్మల్ని అలాగే తిట్టుకునేవాళ్లు ఉంటారు. నిర్మాణ వ్యర్థాలను పొడి చేసి కంకర, ఇసుక, పేవర్ బ్లాకులుగా మార్చే ప్లాంట్లు నగరంలో ఉన్నాయి. జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు రోజుకు 500 టన్నుల చొప్పున తీసుకునేలా కట్టినవి. శంషాబాద్, తూంకుంట వైపు కూడా పెట్టారు. మీకు ఫతుల్లాగూడ దగ్గర. వాళ్లే బండి పంపి ఎత్తుకెళ్తారు, టన్ను లెక్కన తీసుకుంటారు. సొంతంగా టిప్పర్ మాట్లాడుకున్నా సరే, ప్లాంట్‌లో దించిన కాటా చీటీ తెస్తేనే డబ్బులు అని ముందే చెప్పండి. ఆ చీటీలే రేపు పోసినవాడు దొరికితే మీ నష్టానికి లెక్క.

కుప్పలో సిమెంటు రేకులు ఉన్నాయేమో చూడండి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టనివ్వొద్దు, నీళ్లు చల్లి, మూతికి గుడ్డ కాదు సరైన మాస్కు పెట్టుకుని, విడిగా తీయించాలి. ఇళ్ల చెత్త కలిసి ఉంటే అదీ వేరు చేయించాలి, ప్లాంట్‌లో కలగాపులగం లోడు తీసుకోరు.

జేసీబీ దిగే రోజు మీరో, మీ మనిషో అక్కడ ఉండాలి. హద్దురాళ్లు మలబా కింద ఉంటాయి, బకెట్‌తో పాటు రాయి లేచిపోతే పక్క ప్లాట్‌వాళ్లతో కొత్త లొల్లి. ముందురోజే లేఅవుట్ ప్లాన్ పట్టుకుని టేపుతో కొలిచి, రాళ్లున్న చోట సున్నం గుర్తు పెట్టించండి. ఆపరేటర్‌కు ఇంకోటి చెప్పాలి: అసలు నేల తగలగానే ఆపమని. యూనిట్ లెక్కన మాట్లాడుకుంటే మీ మొరం కూడా తవ్వి ఎత్తుకుపోతారు.

ఫిల్లింగ్ కలిసొస్తుందా

ఈ ఆశ ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. మన కాలనీల్లో పాత రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు వేసుకుంటూ పోతారు, ప్లాట్లు పల్లమవుతాయి, ఎలాగూ నింపాలి కదా అనిపిస్తుంది. కానీ మలబా ఫిల్లింగ్ కాదు. పెళ్లల మధ్య ఖాళీలుంటాయి, కట్టె ముక్కలు కుళ్లుతాయి, వానలకు మట్టి ఆ ఖాళీల్లోకి జారి నేల ఒక్కోచోట ఒక్కోలా కుంగుతుంది. పిల్లర్ పునాదులు ఎలాగూ అసలు నేలలోకి దించుతారు కాబట్టి వాటికి ప్రమాదం తక్కువే, అయితే పునాదికి తీసే ఐదడుగుల గుంత అనేది అసలు నేల నుంచి లెక్క, మలబా పైనుంచి కాదు. నాలుగడుగులు పోసి చదును చేస్తే తొమ్మిది అడుగులు తవ్వాలి, పక్కలు కూలుతూ ఉంటాయి. అసలు దెబ్బ నేల మీద ఆనే వాటికి తగులుతుంది. కాంపౌండ్ గోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, పార్కింగ్ ఫ్లోరింగ్, డ్రైనేజీ పైపులు. ఇల్లు గట్టిగానే నిలబడి, సంపు పగిలి నీళ్లు పోతుంటాయి.

సెల్లార్ తవ్వకంలోంచి వచ్చిన శుభ్రమైన మొరం కుప్పలు ఉంటే వాటిని మాత్రం ఉంచుకోవచ్చు. మిగతా మలబా పోయాక ఆ మొరాన్ని అడుగు మందం మించకుండా వరసలుగా పరిచి, నీళ్లు కొట్టి, రోలర్ తిప్పించాలి. అదీ ఇల్లు కట్టే ముందు చేసుకోవచ్చు, ఇప్పుడే తొందర లేదు. మంచి గ్రానైట్ రాళ్లు, పెద్ద కాంక్రీట్ దిమ్మలు దొరికితే రోడ్డు వైపు అడ్డంగా పేర్చండి, బండరాళ్ల ఖర్చు తగ్గుతుంది.

వానలు మొదలయ్యేలోపు పూర్తి చేసుకోండి. తడిసిన మలబా బరువెక్కుతుంది, టన్ను లెక్కన కట్టేది మీరే. ఖాళీ ప్లాట్‌లో టిప్పర్ దిగబడితే దాన్ని లాగడానికి ఇంకో జేసీబీ కిరాయి. ఈ ఎండాకాలం డబ్బులు సర్దుబాటు కాకపోతే ఎత్తించడం వాయిదా వేసినా ఫర్వాలేదు. రోడ్డు వైపు అడ్డం, బోర్డు, ఫొటోలు, రెండు కంప్లైంట్ రసీదులు మాత్రం ఈసారి వచ్చినప్పుడే చేయించి వెళ్లండి. పక్కింటి గోడకు ఆనుకుని ఉన్న కుప్పలు ఏవైనా ఉంటే వాటిని నాలుగడుగులు ఇవతలికి జరిపించండి. వాన నీళ్లు అటు తిరిగి వాళ్ల గోడ తడిసిందంటే, మలబా ఎవరు పోశారన్నది ఎవరూ అడగరు, ప్లాట్ ఎవరిదన్నదే అడుగుతారు.